పొలిమేర దాటిన పెండ్లి

ఒక ఊరిలో నలుగురి యెదుట జరిగిన పెండ్లి మరియొక ఊరిలో చెల్లదనుట మన వారికి వింతగా తోచును. తిరుపతి కొండపై మూడుముళ్లు పడిన దంపతులు కాశికి పోయినను దంపతులే, రామేశ్వరము పోయినను దంపతులే. రైలు ఒక రాష్ట్రపు పొలిమేర దాటి మరియొక రాష్ట్రములో ప్రవేశించినంత మాత్రమున ఎదుట కూర్చున్న ఇల్లాలు ఇల్లాలు గాకపోవునా యని మనలో ఎవరును శంకింపరు. కాని అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ శంక తరతరములుగా న్యాయస్థానముల కెక్కుచునే యున్నది. ఒక రాష్ట్రములో భార్యాభర్తలైనవారు పొరుగు రాష్ట్రములో నేరస్థులుగా బోనెక్కిన సందర్భములు కలవు. రాష్ట్ర ప్రభుత్వము భార్యయని గుర్తించిన వ్యక్తిని కేంద్ర ప్రభుత్వము పరాయి మనిషిగా లెక్కించిన కాలమును ఇటీవలిదే.

ఇది పరదేశపు తగవు, మనకేల యని త్రోసివేయరాదు. లక్షలాది తెలుగువారు నేడు ఆ దేశమున కాపురము లున్నారు. మన ఊళ్లలో జరిగిన పెండ్లిండ్లు అక్కడి కచ్చేరీలలో పరీక్షకు నిలుచుచున్నవి. అంతేకాదు, మన దేశమును రాష్ట్రముల కూటమియే. మన రాజ్యాంగములోను వివాహము కేంద్ర రాష్ట్రముల రెంటి చేతిలోను ఉన్న విషయమే. ఒక మనిషి యెవరికి భర్త, ఎవరికి భార్య అని నిర్ణయించు అధికారము ఏ ప్రభుత్వముది? ఒక ప్రభుత్వము చేసిన నిర్ణయమును మరియొక ప్రభుత్వము ఎంతవరకు మన్నింపవలెను? పౌరశాస్త్రమును బోధించు ఉపాధ్యాయులకును, చదువుకొను విద్యార్థులకును ఇంతకంటె ఇంటికి దగ్గరి ప్రశ్న దొరకదు.

అధికారము ఎవరిది?

అమెరికా రాజ్యాంగము 1787లో రచింపబడినది. అందులో కేంద్రమునకు ఏయే అధికారములు గలవో లెక్కించి చెప్పిరి. లెక్కింపబడని అధికారములు రాష్ట్రములకును ప్రజలకును చెందునని 1791లో చేరిన పదవ సవరణ స్పష్టము చేసినది. వివాహమను మాట ఆ రాజ్యాంగములో ఎక్కడను లేదు. కావున వివాహము రాష్ట్రముల సొత్తుగా నిలిచినది. నేడు 50 రాష్ట్రములకు 50 వివాహ చట్టములున్నవి. కనీస వయస్సు, నిషిద్ధమైన బంధుత్వములు, సాక్షుల సంఖ్య, లైసెన్సు పొందిన పిదప వేచియుండవలసిన దినములు, ఇవన్నియు రాష్ట్రమునకొక తీరు. అక్కడ పెండ్లికి ముందుగా స్థానికాధికారి వద్ద లైసెన్సు పుచ్చుకొనవలెను. ఆ పిదప చర్చిలో జరిపినను, దేవాలయములో జరిపినను, న్యాయాధికారి యెదుట జరిపినను పెండ్లి పెండ్లియే.

ఐతే కేంద్ర ప్రభుత్వము ఈ విషయములో కన్నులు మూసికొని కూర్చుండజాలదు. ఆదాయపు పన్ను వసూలు చేయునది కేంద్రము. సైనికుని వితంతువునకు పింఛను ఇచ్చునది కేంద్రము. వృద్ధాప్యములో సోషల్ సెక్యూరిటీ భృతి పంచునది కేంద్రము. విదేశమునుండి వచ్చు భార్యకు వీసా ఇచ్చునదియు కేంద్రమే. వీటన్నిటిలోను భార్య యెవరు, భర్త యెవరు అను ప్రశ్న వచ్చును. కేంద్ర చట్టములలో వివాహస్థితిని బట్టి లాభనష్టములు మారు నిబంధనలు ఎన్ని గలవో అమెరికా కాంగ్రెసుకు చెందిన లెక్కల పరిశీలన శాఖ 2004లో లెక్కించి 1,138 అని తేల్చెను. పెండ్లి చేయునది రాష్ట్రము. ఆ పెండ్లిని పన్నులలోను పింఛనులలోను లెక్కకు తెచ్చునది కేంద్రము. సాధారణముగా కేంద్రము రాష్ట్రపు మాటనే ప్రమాణముగా గైకొనుచు వచ్చినది.

ఇక రాష్ట్రమునకును రాష్ట్రమునకును నడుమ మర్యాద యెట్టిది? ఒక రాష్ట్రపు శాసనములను, దస్తావేజులను, న్యాయస్థానముల తీర్పులను తక్కిన రాష్ట్రములు పూర్ణ విశ్వాసముతో గౌరవింపవలెనని రాజ్యాంగము నాలుగవ అధికరణము విధించినది. ఇది చదివినంతనే చిక్కు తీరినదని తోచును. కాని ఇచట ఒక సూక్ష్మమున్నది. కోర్టు తీర్పును మన్నించుట తప్పనిసరి యని న్యాయస్థానములు కఠినముగా పట్టిరి. వివాహమో, తీర్పు కాదు; లైసెన్సుతో జరిగిన ఒక ఒప్పందము. దానిని మన్నించుట చాలవరకు రాష్ట్రముల సౌజన్యముపై ఆధారపడినది. జరిగినచోట చెల్లిన వివాహము అంతటను చెల్లుననునది సామాన్య సూత్రము. మా రాష్ట్రపు నీతికి బొత్తిగా విరుద్ధమైన యెడల మన్నింపమనునది దానికి అపవాదము. ఈ అపవాదపు సందులోనుండియే ఎన్నో కుటుంబములు వీధిపాలైనవి.

గోడమీది పత్రము

బానిసత్వమున్న కాలములో నల్లజాతివారి వివాహమునకు దక్షిణ రాష్ట్రములలో చట్టము దృష్టిలో విలువయే లేదు. యజమాని తలచిన నాడు భర్త నొకచోట, భార్య నొకచోట అమ్మివేయవచ్చును. అంతర్యుద్ధము ముగిసిన 1865లో ఏర్పడిన విముక్తుల సహాయక శాఖ చేసిన పనులలో వారి వివాహములను నమోదు చేయుట యొకటి. ఏండ్ల తరబడి కాపురము చేసి బిడ్డలను కన్నవారు తమ పేర్లు పుస్తకములో వ్రాయించుకొనుటకు వచ్చిరి. పత్రము లేకున్నను వారు దంపతులే. కాని పత్రము వచ్చిన పిదప వారిని ఎవరును విడదీయజాలరు. చట్టపు గుర్తింపు విలువ దాని లేమిని అనుభవించినవారికే తెలియును.

బానిసత్వము పోయినను జాతి గోడలు పోలేదు. వర్జీనియా రాష్ట్రము 1924లో చేసిన చట్టము తెల్లవారికిని ఇతర జాతులవారికిని వివాహమును నిషేధించెను. రాష్ట్రము వెలుపలికి పోయి పెండ్లాడి తిరిగి వచ్చినను శిక్ష తప్పదని ఆ రాష్ట్రపు శాసనము విధించెను. 1958 జూన్‌లో రిచర్డ్ లవింగ్ అను తెల్లవాడు, మిల్డ్రెడ్ అను నల్లజాతి యువతి రాజధానియైన వాషింగ్టనుకు పోయి చట్టప్రకారము వివాహమాడి, వర్జీనియాలోని స్వగ్రామమునకు తిరిగివచ్చిరి. జులైలో ఒకనాటి రాత్రి పోలీసు అధికారి వారి పడకగదిలో ప్రవేశించెను. గోడకు వ్రేలాడుచున్న వివాహ పత్రమును వారు చూపగా, అది యిక్కడ చెల్లదని యతడు చెప్పెను. 1959 జనవరిలో వారికి ఒక సంవత్సరము జైలుశిక్ష పడినది. ఇరువది యైదేండ్లు ఇద్దరును కలిసి రాష్ట్రములో అడుగుపెట్టని యెడల ఆ శిక్షను నిలిపివేతునని న్యాయాధికారి షరతు పెట్టెను. పెండ్లి చేసికొన్నందుకు దేశబహిష్కారము!

వారు వాషింగ్టనులో తలదాచుకొనిరి. 1963లో మిల్డ్రెడ్ నాటి అటార్నీ జనరల్ రాబర్ట్ కెన్నడీకి ఉత్తరము వ్రాసెను. దాని ఫలితముగా పౌరహక్కుల సంఘమువారు వ్యాజ్యమును చేపట్టిరి. 1967 జూన్ 12న సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ ఏకగ్రీవ తీర్పును వెలువరించెను. చట్టము దృష్టిలో అందరును సమానులన్న 14వ సవరణకు అట్టి శాసనములు విరుద్ధములని కొట్టివేసిరి. ఆనాటికి ఇంకను 16 రాష్ట్రములలో ఆ నిషేధము లుండెను. అలబామా రాజ్యాంగమునుండి చచ్చిన అక్షరములుగా మిగిలిన ఆ నిషేధమును తొలగించుట 2000వ సంవత్సరమువరకు జరుగలేదు.

ఆరు వారముల విడాకులు

రాష్ట్రములు పరస్పరము మన్నించుట మంచిదే. కాని షరతులేని మన్ననకును ఒక ప్రమాదమున్నది. అన్నిటిలో వదులైన చట్టము గల రాష్ట్రమే తక్కిన అన్ని రాష్ట్రములకును శాసనకర్త యగును. నెవాడా రాష్ట్రము 1931లో కేవలము ఆరు వారములు నివసించిన వారికి విడాకులిచ్చుటకు సిద్ధపడెను. ఉత్తర కరోలినాకు చెందిన ఒక పురుషుడు, వేరొకరి భార్యయైన ఒక స్త్రీ 1940లో అక్కడకు పోయి తమ తమ వివాహములను రద్దు చేయించుకొని, తాము పెండ్లాడి, ఊరు చేరిరి. రాష్ట్రము వారిపై ద్విభార్యాత్వపు నేరము మోపెను.

1942లో సుప్రీంకోర్టు నెవాడా తీర్పును ఉత్తర కరోలినా మన్నింపవలసినదే యని చెప్పెను. ఆ వ్యాజ్యమే మరల రాగా 1945లో మరియొక మాట చేర్చెను: వారు నిజముగా నెవాడాలో స్థిరనివాస మేర్పరచుకొనిరా, లేక విడాకులకొరకు సత్రములో బస చేసిరా యని విచారించు హక్కు ఉత్తర కరోలినాకు కలదు. అనగా మన్నన ఉండవలెను; మోసమునకు మన్నన అక్కరలేదు. దూరపు రాష్ట్రములో ఆరు వారములు కూర్చుండి తీర్పు తెచ్చుకొనిన భర్త చేతిలో ఇంటివద్దనున్న భార్య ఓడిపోరాదు. ఈ జాగ్రత్త ఎవరిని కాపాడుటకు పుట్టినదో గమనింపవలెను. ఇదే జాగ్రత్త పేరుతో లవింగ్ దంపతులను వెడలగొట్టిరి. ఆయుధ మొక్కటియే, పట్టిన చేతులు వేరు.

కేంద్రము తానే గీత గీసిన కాలము

వివాహ విషయములో కేంద్రము ఎన్నడును చేయి పెట్టలేదనుట సరికాదు. యూటా ప్రాంతములో మోర్మను మతస్థుల బహుభార్యాత్వమును కాంగ్రెసు 1862లో నిషేధించెను. మతస్వాతంత్ర్యము పేరిట దానిని సమర్థించుట కుదరదని 1879లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. బహుభార్యాత్వమును నిషేధించిన పిదపనే 1896లో యూటా రాష్ట్రముగా చేరగలిగినది.

వంద యేండ్ల పిదప మరల అట్టి ఘట్టము వచ్చెను. 1993లో హవాయి రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము ఒకే లింగమునకు చెందిన ఇద్దరికి వివాహము నిరాకరించుటకు గట్టి కారణము చూపవలెనని ప్రభుత్వమును అడిగెను. ఒక రాష్ట్రములో అట్టి వివాహములు జరిగినచో తక్కిన అన్ని రాష్ట్రములును మన్నింపవలసి వచ్చునేమోయను భయము పుట్టినది. 1996 సెప్టెంబరు 21న అధ్యక్షుడు క్లింటన్ సంతకముతో ఒక చట్టము వెలువడెను. అట్టి వివాహములను ఇతర రాష్ట్రములు గుర్తింపనక్కరలేదని అందులో ఒక సెక్షను చెప్పెను. కేంద్ర చట్టములన్నిటిలోను వివాహమనగా స్త్రీ పురుషుల కలయిక మాత్రమేయని మరియొక సెక్షను నిర్వచించెను.

2004 మే 17 నుండి మసాచూసెట్స్ రాష్ట్రములో అట్టి వివాహములు జరుగనారంభించినవి. అప్పుడు విచిత్రమైన స్థితి యేర్పడెను. ఒకే ఇంటిలో, ఒకే బల్లమీద, దంపతులు రాష్ట్రపు పన్ను కాగితముపై వివాహితులమని వ్రాయవలెను; కేంద్రపు పన్ను కాగితముపై అవివాహితులమని వ్రాయవలెను. రెండును ప్రమాణపూర్వకముగానే!

న్యూయార్కు నివాసిని ఎడిత్ విండ్సర్ 2007లో కెనడాలో థియా స్పయర్‌ను వివాహమాడెను. న్యూయార్కు రాష్ట్రము ఆ వివాహమును గుర్తించెను. 2009లో థియా మరణింపగా, భార్యాభర్తల నడుమ సంక్రమించు ఆస్తికి లేని పన్నును కేంద్రము విండ్సర్ వద్ద వసూలు చేసెను. ఆ పన్ను 3,63,053 డాలర్లు. 2013 జూన్ 26న సుప్రీంకోర్టు 5–4 ఆధిక్యముతో కేంద్రపు నిర్వచనమును కొట్టివేసెను. న్యాయమూర్తి కెన్నడీ వ్రాసిన ఆ తీర్పులో వివాహము తరతరములుగా రాష్ట్రముల అధికారములోని విషయమను మాట ప్రముఖ స్థానము వహించినది. 1967లో వర్జీనియా రాష్ట్రము తన నిషేధమును కాపాడుకొనుటకు ఏ రాష్ట్రాధికారమును అడ్డము పెట్టుకొనెనో, 2013లో ఆ రాష్ట్రాధికారమే ఒక వితంతువునకు అండయైనది. సూత్రము తనంతట తాను న్యాయము చేయదు. ఎవరికొరకు వాడుచున్నామనునదియే చూడవలెను.

అటుపిమ్మట రాష్ట్రమునకు రాష్ట్రమునకు నడుమ తగవు మిగిలినది. ఒహాయో నివాసి జిమ్ ఒబర్గఫెల్, మరణశయ్యపైనున్న జాన్ ఆర్థర్ 2013 జులైలో వైద్య విమానములో మేరీలాండునకు పోయి, విమానాశ్రయములో నేల దిగిన ఆ విమానములోనే వివాహమాడి వెనుదిరిగిరి. ఒహాయో ఆ వివాహమును గుర్తింపదు గనుక మరణ పత్రములో భర్తగా పేరు చేరదు. ఆ యొక్క పంక్తికొరకు ఆరంభమైన వ్యాజ్యము మరికొన్ని వ్యాజ్యములతో కలిసి సుప్రీంకోర్టునకు చేరెను. 2015 జూన్ 26న 5–4 ఆధిక్యముతో తీర్పు వచ్చెను. ప్రతి రాష్ట్రమును అట్టి వివాహములకు లైసెన్సు నీయవలెను. ఇతర రాష్ట్రములలో జరిగినవానిని గుర్తింపవలెను. ఇవి రెండు వేర్వేరు ఆజ్ఞలని పాఠకులు గుర్తుంచుకొందురు గాక. ముందు చెప్పబోవు విషయము ఈ భేదముపైననే ఆధారపడియున్నది. అసమ్మతి తెలిపిన నలుగురు న్యాయమూర్తుల ఆక్షేపణయు ఉపేక్షింపదగినది కాదు. ఇట్టి మార్పును ప్రజలు ఓటు ద్వారా చేసికొనవలెను గాని న్యాయమూర్తులు చేయరాదనునది దాని సారాంశము.

2022 జూన్ 24న అదే న్యాయస్థానము గర్భస్రావపు హక్కును గూర్చిన పాత తీర్పును త్రోసిపుచ్చినది. ఒబర్గఫెల్ తీర్పును కూడ పునఃపరిశీలింపవలెనని న్యాయమూర్తి థామస్ తన ప్రత్యేకాభిప్రాయములో వ్రాసెను. ఆ ఒక్కమాటతో దేశమంతటను కలవరము పుట్టినది. కాంగ్రెసు త్వరపడి వివాహ గౌరవ చట్టమును చేసినది. సెనేటులో 61–36, ప్రతినిధుల సభలో 258–169 ఓట్లతో నెగ్గి, 2022 డిసెంబరు 13న అధ్యక్షుడు బైడెన్ సంతకము పొందెను. 1996 నాటి చట్టము రద్దయ్యెను. జరిగిన రాష్ట్రములో చెల్లిన ఇద్దరు వ్యక్తుల వివాహమును కేంద్రము గుర్తింపవలెను. లింగము, జాతి, పుట్టుక దేశము కారణములుగా ఏ రాష్ట్రపు అధికారియు బయటి రాష్ట్రపు వివాహమును నిరాకరింపరాదు. మత సంస్థలను మాత్రము తమ విశ్వాసమునకు విరుద్ధమైన వివాహమునకు సేవచేయవలసినదని నిర్బంధింపరాదు.

ఐతే ఈ చట్టములో ఒక ఖాళీ ఉన్నది. ఇది గుర్తింపును నిర్బంధించును గాని లైసెన్సును నిర్బంధింపదు. పెండ్లి చేయుమని రాష్ట్రమును ఆజ్ఞాపించుటకు కాంగ్రెసునకు అధికారము సందేహాస్పదము. చేసిన పెండ్లిని మన్నింపుమని చెప్పుటకు నాలుగవ అధికరణము ఆధారముగా కలదు. కావున 2015 తీర్పు ఎన్నడైనను మారినచో, ఇంకను అనేక రాష్ట్రముల పుస్తకములలో మిగిలియున్న నిషేధములు మరల ప్రాణము పోసికొనును. అప్పుడు కూలి చేసికొని బ్రతుకు ఇద్దరు వ్యక్తులు పనికి సెలవు పెట్టి, ప్రయాణపు ఖర్చు భరించి, పొరుగు రాష్ట్రములో పెండ్లాడి రావలెను. ధనవంతునకు అది విహారయాత్ర. పేదవానికి అది అడ్డుగోడ. 2025 నవంబరులో ఆ తీర్పును తిరుగదోడుమని వచ్చిన అభ్యర్థనను సుప్రీంకోర్టు విచారణకు స్వీకరింపలేదు. కావున నేటికి తీర్పు నిలిచియే యున్నది.

మన మేనరికముల మాట

ఇంతవరకు చెప్పిన కథలు మనకు దూరమని తోచినచో, ఇక చెప్పబోవునది మన పెరటిలోనిదే. మేనత్త కొడుకును, మేనమామ కూతురును పెండ్లాడుట తెలుగు దేశమున తరతరముల ఆచారము. మేనమామ మేనకోడలిని పెండ్లాడుటయు కలదు. 1955 నాటి హిందూ వివాహ చట్టము ఈ బంధుత్వములను నిషిద్ధ సంబంధములలో చేర్చినను, ఆచారము అనుమతించిన యెడల చెల్లునని మినహాయింపు నిచ్చినది. మన మేనరికములు చట్టము దృష్టిలో నిలుచుట ఆ మినహాయింపు వలననే.

అమెరికాలో సుమారు సగము రాష్ట్రములు అన్నదమ్ముల, అక్కచెల్లెండ్ర బిడ్డల నడుమ వివాహమును నిషేధించినవి. కాలిఫోర్నియా, న్యూయార్కు అనుమతించును. టెక్సాస్ 2005లో నేరముగా పరిగణించెను. బయట జరిగిన అట్టి వివాహమును కొన్ని రాష్ట్రములు మన్నించును, కొన్ని మన్నింపవు. అనగా ఒకే మేనరికపు జంట ఉద్యోగము మారి ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు పోయినచో వారి స్థితియు ప్రశ్నకు గురికావచ్చును. మేనమామ–మేనకోడలి వివాహము అక్కడ దాదాపు ఎచ్చటను జరుగదు.

ఈ విషయమున న్యూయార్కు అత్యున్నత న్యాయస్థానము 1953లో ఇచ్చిన తీర్పు తెలిసికొనదగినది. యూదు మతస్థులైన ఒక పురుషుడును, సవతి సోదరి కూతురైన ఒక స్త్రీయు 1913లో రోడ్ ఐలాండ్ రాష్ట్రములో పెండ్లాడిరి. యూదుల మతము అనుమతించు బంధుత్వములను ఆ రాష్ట్రము అంగీకరించును. వారు న్యూయార్కులో ముప్పది యేండ్లకు పైగా కాపురము చేసి ఆరుగురు బిడ్డలను కనిరి. భార్య మరణానంతరము ఆమె ఆస్తి నిర్వహణాధికారము భర్తకు చెందునా యను తగవు వచ్చెను. న్యూయార్కులో అట్టి వివాహము నిషిద్ధము. ఐనను జరిగినచోట చెల్లినది గనుక ఇక్కడను చెల్లునని కోర్టు తీర్పు చెప్పెను. చట్టము తన ఊరిలో చేయనీయని పనిని కూడ, పొరుగూరిలో ధర్మబద్ధముగా జరిగినందున గౌరవించినది. మేనరికపు జంటలకు ఇట్టి న్యాయబుద్ధియే ఆధారము.

2022 చట్టములో విదేశములో జరిగిన పెండ్లికి ఒక అదనపు షరతున్నది. అది జరిగిన దేశములో చెల్లవలెను. అమెరికాలో కనీసము ఏదో యొక రాష్ట్రములోనైనను జరుగదగినదై యుండవలెను. మేనత్త మేనమామ బిడ్డల వివాహము ఈ పరీక్షలో తేలికగా నెగ్గును. మేనమామ–మేనకోడలి వివాహమునకు చిక్కు వచ్చుటకు తావున్నది. బిడ్డల సంబంధము లాలోచించు తల్లిదండ్రులు, విదేశపు కొలువున్న అల్లుని వెదకువారు, ఈ సంగతి తెలిసియుండుట మేలు.

మన రాజ్యాంగములో

మన రాజ్యాంగకర్తలు వివాహమును, విడాకులను ఉమ్మడి జాబితాలో 5వ అంశముగా చేర్చిరి. కేంద్రమును చట్టము చేయవచ్చును, రాష్ట్రమును చేయవచ్చును. విరుద్ధమైనచో సామాన్యముగా కేంద్రపు చట్టమే నెగ్గును. దేశమంతటను ప్రభుత్వ చర్యలకు, దస్తావేజులకు, న్యాయస్థానముల తీర్పులకు పూర్ణ విశ్వాసము చూపవలెనని 261వ అధికరణము విధించినది. అమెరికా నాలుగవ అధికరణపు పోలిక ఇందులో స్పష్టముగా కానవచ్చును.

స్వాతంత్ర్యము వచ్చిన కొత్తలో మనకును అమెరికా వంటి స్థితియే యుండెను. బొంబాయి రాష్ట్రము 1946లో హిందువుల ద్విభార్యాత్వమును నిషేధించెను. మద్రాసు 1949లో అట్టి చట్టము చేసెను. ఆ చట్టము నాడు మద్రాసులోనున్న సర్కారు జిల్లాలకు, రాయలసీమకు వర్తించెను గాని పొరుగున హైదరాబాదు సంస్థానములోనున్న తెలుగు జిల్లాలకు వర్తింపలేదు. ఒకే భాష మాటలాడు, ఒకే తీరున తలంబ్రాలు పోసికొను ప్రజలకు రెండు చట్టములు. 1955 మే 18న అమలులోనికి వచ్చిన హిందూ వివాహ చట్టము ఆ భేదమును తుడిచివేసెను. మతములవారీ భేదములు మిగిలినను, రాష్ట్రముల వారీ చిక్కులు చాలవరకు తగ్గినవి.

దేశముల నడుమ చిక్కు మాత్రము మిగిలినది. 1975లో తిరుపతిలో హిందూ సంప్రదాయము ప్రకారము వివాహమాడిన ఒక తెలుగు దంపతుల విషయమున, భర్త అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రపు కోర్టునుండి విడాకుల తీర్పు తెచ్చుకొనెను. 1991లో మన సుప్రీంకోర్టు ఆ తీర్పును గుర్తించుటకు నిరాకరించెను. వివాహము ఏ చట్టము ప్రకారము జరిగినదో ఆ చట్టము అంగీకరించు కోర్టు, ఆ చట్టము అంగీకరించు కారణముపై ఇచ్చిన తీర్పునే సామాన్యముగా మన్నింతుమని సూత్రము చెప్పెను. భార్య ఇష్టపూర్వకముగా ఆ కోర్టు అధికారమునకు లోబడి వాదించుట, లేక విడాకులకు అంగీకరించుట వంటి సందర్భములను మినహాయించెను. 1945లో అమెరికా కోర్టు నెవాడా విడాకులను గూర్చి చేసిన జాగ్రత్తకు ఇది చెల్లెలివంటిది. ఇంటివద్ద మిగిలిన స్త్రీని దూరపు కోర్టు కాగితము వీధిపాలు చేయరాదనునదియే రెంటి తాత్పర్యము.

2023 అక్టోబరు 17న మన సుప్రీంకోర్టు స్వలింగ వివాహములను చట్టములో చేర్చుట శాసనసభల పనియేగాని కోర్టు పని కాదని తీర్పు చెప్పెను. కావున అమెరికాలో చట్టప్రకారము అట్టి వివాహమాడిన ఇద్దరు మన విమానాశ్రయములో దిగినంతనే చట్టము దృష్టిలో దంపతులు కారు. దీనిపై అభిప్రాయభేదము లుండవచ్చును. కాని పొలిమేర దాటినంతనే మనుష్యుల స్థితి మారుటయను సమస్య ఇక్కడను ఉన్నదని ఎవరైనను ఒప్పుకొనవలసినదే.

తేలిన దేమి?

పెండ్లి యెట్లు జరుగవలెనను విషయమున రాష్ట్రములకు స్వేచ్ఛ యుండుట మంచిదే. కాలిఫోర్నియా న్యాయస్థానము జాతి నిషేధమును 1948లోనే కొట్టివేసెను. దేశపు సుప్రీంకోర్టు అందుకొనుటకు పందొమ్మిదేండ్లు పట్టినది. పదునెనిమిదేండ్లు నిండనివారి వివాహమును ఏ మినహాయింపు లేక నిషేధించిన మొదటి అమెరికా రాష్ట్రము డెలావేరు. ఆ పని 2018లో జరిగినది. ఒక చిన్న రాష్ట్రము ముందడుగు వేసినచో తక్కినవి చూచి నేర్చుకొనును. అన్నిటికి ఒకే చట్టమున్నచో ఈ ముందడుగునకు తావుండదు.

కాని జరిగిపోయిన పెండ్లిని గుర్తించుట వేరు విషయము. అచట మనుష్యులు తమ బ్రతుకులను ఆ నమ్మకముపై కట్టుకొని యుందురు. ఇల్లు కొనియుందురు, బిడ్డలను కనియుందురు, ఒకరి రోగమునకు ఒకరు కాపుండి యుందురు. దానిని తరువాత త్రోసివేయదలచిన ప్రభుత్వమే కారణము చూపవలెను గాని దంపతులు కాదు. బలవంతము, మోసము, బాల్యవివాహము, ఇదివరకే యున్న భార్యను వంచించుట, ఇవి తగిన కారణములు. వీటన్నిటిలోను కాపాడదగిన ఒక మనిషి యున్నది. మాకు నచ్చదు, మా ఊరి అలవాటు కాదు అనునది తగిన కారణము గాదు. అందులో కాపాడబడు మనిషి యెవరును లేరు. ఈ రెంటికి గల భేదమును పట్టుకొన్నచో లవింగ్ తీర్పును, నెవాడా విడాకుల తీర్పును, తిరుపతి పెండ్లి తీర్పును ఒకే దారమున గ్రుచ్చవచ్చును.

చట్టపు గుర్తింపు వచ్చినంతనే సంఘపు గుర్తింపు రాదనుటయు నిజమే. వితంతు వివాహములకు చట్టము 1856లో వచ్చినను, రాజమహేంద్రవరములో వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించుటకు 1881 డిసెంబరు 11 దాక ఆగవలసి వచ్చెను. ఆయనకు సంఘము తోడు రాలేదు, చట్టము తోడున్నది. ఆ తోడు లేనిచో ఆ దంపతుల బిడ్డలకు వారసత్వమే ఉండెడిది కాదు.

మన రాష్ట్రమున వివాహములను విధిగా నమోదు చేయవలెనను చట్టము 2002లో వచ్చినది. దేశమంతటను నమోదు చేయవలెనని సుప్రీంకోర్టు 2006లో ఆదేశించెను. ఐనను శుభలేఖల అచ్చునకు చూపు శ్రద్ధ నమోదు కాగితమునకు చూపని కుటుంబములు మనలో తక్కువ కావు. నమోదు లేనంత మాత్రమున హిందూ వివాహము చెల్లకపోదు. కాని పరాయి ప్రభుత్వపు కచ్చేరీలో మేళతాళములు సాక్ష్యము చెప్పవు, పురోహితుడు వచ్చి నిలువడు; కాగితమే మాటలాడవలెను. ఉపాధ్యాయులు తరగతిలో ఉమ్మడి జాబితాను వల్లె వేయించునప్పుడు 5వ అంశమువద్ద ఒక్క నిమిషము ఆగి, మీ ఇంట పెండ్లి పత్రము ఉన్నదా యని పిల్లల నడిగినచో, ఆనాటి పాఠము వారితోకూడ ఇంటికి పోవును.